టీబీ మందులకు తగ్గని దగ్గు

మా ఇంట్లో బీడీ, సిగరెట్ అలవాటు ఎవరికీ లేదు. ఖమ్మం దగ్గర ఒక ఊళ్ళో పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ ఇన్నేళ్ళు గడిపినదాన్ని. పొడి దగ్గు పట్టుకుని వారాల తరబడి వదలకపోయినా క్యాన్సర్ అన్న మాట ఎవరి మనసుకూ తట్టలేదు. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగాన తెల్లటి మచ్చ కనిపించింది. "టీబీయేనమ్మా, భయపడకండి, ఆరు నెలలు మందులు వాడితే పోతుంది" అన్నారు మా టౌన్‌లో చూపించుకున్న డాక్టరు గారు. కళ్లె పరీక్షలో టీబీ క్రిములు కనపడలేదు. అయినా మందులు మొదలయ్యాయి.

నాలుగు మందులు కలిపిన మాత్రలు పరగడుపునే మింగేదాన్ని. మూత్రం నారింజ రంగులో వచ్చేది. అన్నం సయించక ఒళ్ళు చిక్కిపోయింది. దగ్గు మాత్రం తగ్గలేదు. ఒకరోజు కళ్లెలో నెత్తుటి చార కనపడింది. రెండు నెలలకు మళ్ళీ ఎక్స్‌రే తీస్తే మచ్చ అలాగే ఉంది. "మందులు మార్చి చూద్దాం" అన్నారు. మా అబ్బాయి ఒప్పుకోకుండా నన్ను హైదరాబాద్ తీసుకెళ్ళాడు.

ఆ రెండు నెలలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి మచ్చ చూడగానే టీబీ అనుకోవడం అర్థం చేసుకోగలను. దగ్గు, నెత్తురు, బరువు తగ్గడం, ఆయాసం రెండింటిలోనూ ఉంటాయి. కానీ కళ్లెలో క్రిమి దొరకనప్పుడు, మందులకు మచ్చ కరగనప్పుడు చేయించాల్సింది సీటీ స్కాన్, గడ్డ నుంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ. అవి చేయకుండా ఇంకో రకం మాత్రలు రాయడం ఏం వైద్యం?

సీటీలో నాలుగున్నర సెంటీమీటర్ల గడ్డ ఉందన్నారు. అంచులు నున్నగా లేకుండా ముళ్ళు ముళ్ళుగా ఉన్నాయి. బయాప్సీ అనగానే మా వదిన ఏడుపు అందుకుంది. "సూది తగిలితే పాకుతుందంట, వద్దని చెప్పు" అని ఫోన్ల మీద ఫోన్లు. అక్కడి డాక్టరమ్మ ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పింది: "అలా పాకడం చాలా చాలా అరుదమ్మా. ముక్క చూడకుండా ఏ మందు ఇవ్వాలో మాకే తెలియదు." సీటీ బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, వీపు దగ్గర మత్తు సూది వేసి, ఊపిరి బిగపట్టమన్నారు. టక్‌మని చప్పుడు. సేమియా ముక్కల్లాంటి తెల్లటి సన్నని పోగులు, ముక్క పాడవకుండా ఉంచే ఫార్మలిన్ సీసాలో వేసి మా ఆయన చేతికిచ్చి ల్యాబ్‌లో ఇచ్చి రమ్మన్నారు. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని వెళ్ళారట.

ఎడినోకార్సినోమా అనే రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. టీబీ మందులు ఆపేశారు. ఒళ్ళంతా వెతికే పెట్ స్కాన్, మెదడుకు ఎమ్మారై కూడా అయ్యాక, ఊపిరితిత్తి మొదట్లో ఒక లింఫ్ గ్రంథికి తప్ప ఇంకెక్కడికీ పోలేదు, రెండో దశ, ఆపరేషన్ చేయవచ్చన్నారు. ఆ మాట వినగానే మా ఆయన కుర్చీలోనే కళ్ళు తుడుచుకున్నారు.

కుడి ఊపిరితిత్తికి మూడు తమ్మెలు, అంటే భాగాలు, ఉంటాయి. నాకు పై తమ్మె తీసేశారు. మెలకువ వచ్చేసరికి పక్కటెముకల మధ్య గొట్టం, దాని చివర నీళ్ళ సీసా. రోజూ ఉదయం డాక్టర్లు వచ్చి "దగ్గండమ్మా" అనేవాళ్ళు. దగ్గితే సీసాలో బుడగలు వచ్చేవి. లోపల గాలి ఇంకా కారుతోందన్నమాట. బుడగలు ఆగితేనే గొట్టం తీస్తారు. ఆ సీసా పట్టుకునే వరండాలో నడిచేదాన్ని, ఊపిరితిత్తుల వ్యాయామానికి ఇచ్చిన మూడు బంతుల స్పైరోమీటర్ పీల్చేదాన్ని. మొదట ఒక్క బంతి కూడా కదిలేది కాదు.

పక్క మంచం మీద గుంటూరు వైపు పెద్దాయన ఒకరు ఉండేవారు. ఏళ్ళ తరబడి చుట్టలు కాల్చిన మనిషి. ఆయనది స్మాల్ సెల్ రకం. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో నూటికి పదిహేను దాకా ఆ రకమే. చాలా వేగంగా పాకుతుంది కాబట్టి సాధారణంగా దానికి ఆపరేషన్ ఉండదు. కీమో, రేడియేషన్ కలిపి ఇస్తారు. "మీకు కోశారు, నాకెందుకు కోయరమ్మా?" అని ఆయన నన్నే అడిగేవారు. మిగతా నూటికి ఎనభై అయిదు నాన్ స్మాల్ సెల్. అందులో నాలాంటి ఎడినోకార్సినోమా, పొగతాగేవాళ్ళలో ఎక్కువగా కనిపించే స్క్వామస్ రకం ముఖ్యమైనవి. పేరు ఒకటే అయినా వైద్యాలు వేరు.

తర్వాత నాలుగు విడతల కీమో. సిస్‌ప్లాటిన్, పెమెట్రెక్సెడ్ అనే మందులు. అవి మొదలుకాకముందే ఫోలిక్ యాసిడ్ మాత్రలు, బీ12 ఇంజెక్షన్ ఇచ్చారు. జుట్టు పలచబడిందే గాని పూర్తిగా రాలలేదు. తాలింపు వాసన వస్తే మాత్రం కడుపులో తిప్పేది. మా కోడలు నెలల తరబడి పెరటి పొయ్యి మీదే వండింది.

ఈలోగా ఆపరేషన్‌లో తీసిన గడ్డను జన్యు పరీక్షకు పంపారు. కణాల పెరుగుదలను నడిపించే ఈజీఎఫ్ఆర్ జన్యువులో మార్పు ఉంది, అందులో ఎక్సాన్ 19 అనే భాగంలో అన్నారు. మన దేశంలో ఎడినోకార్సినోమా వాళ్ళలో దాదాపు నాలుగో వంతు మందిలో ఈ మార్పు దొరుకుతుంది, పొగతాగనివాళ్ళలో, ఆడవాళ్ళలో ఎక్కువ. దానికి మాత్ర ఉంది: ఒసిమెర్టినిబ్, 80 మిల్లీగ్రాములు, రోజుకొకటి, మూడేళ్ళు. ఆ రిపోర్టు విని మా అమ్మాయి బెదిరిపోయింది, తనకూ వస్తుందేమోనని. ఇది గడ్డ కణాల్లో మాత్రమే వచ్చిన మార్పనీ, సాధారణంగా తల్లి నుంచి పిల్లలకు వచ్చేది కాదనీ డాక్టరమ్మ చెప్పాకే ఆ రాత్రి నిద్రపోయింది.

ఒక మాట తప్పకుండా చెప్పాలి. బయాప్సీ ముక్కనైనా, ఆపరేషన్‌లో తీసిన గడ్డ ముక్కనైనా ల్యాబ్‌వాళ్ళు మైనం దిమ్మెలో దాస్తారు, బ్లాక్ అంటారు. జన్యు పరీక్ష చేసేది దాని మీదే. ఆసుపత్రి మారితే రిపోర్టు కాగితాలతో పాటు ఆ బ్లాక్‌నూ అడిగి తీసుకోండి. నాతో కీమోకు వచ్చిన ఒకామె అది దొరక్క మళ్ళీ సూది పొడిపించుకుంది.

ఎందుకొచ్చిందో ఎవరూ కచ్చితంగా చెప్పలేదు. చిన్నప్పటి కట్టెల పొయ్యి పొగ కావచ్చు, బస్సుల పొగ కావచ్చు. బయటి గాలి కాలుష్యం క్యాన్సర్‌కు కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2013లోనే తేల్చింది. "మీ ఆయన సిగరెట్ తాగుతాడా?" అని పరామర్శకు వచ్చినవాళ్ళు అడుగుతూనే ఉంటారు. దయచేసి అలా అడగకండి. మంచంలో ఉన్న మనిషికీ, పక్కన కూర్చున్న మనిషికీ అది చాలా నొప్పి.

మాత్ర ఇంకా వాడుతున్నాను. గోళ్ళ అంచులు చిట్లి చీము పడుతుంటాయి, చర్మం పొడిబారుతుంది, అప్పుడప్పుడు విరేచనాలు. గుండెకు ఈసీజీ తీస్తూ ఉంటారు. బడికి వెళ్తున్నాను, పై అంతస్తు తరగతికి మధ్యలో ఒకసారి ఆగి ఎక్కుతాను. స్కాన్ దగ్గరపడితే మాత్రం ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. వచ్చే నెలలో మళ్ళీ ఉంది.