జుబైల్ వాల్వులు, గుంటూరు ఎండ

సౌదీలోని జుబైల్‌లో ఆవిరి లైన్ల సర్వే చేసే నాకు పైపులతో పెద్ద పేచీ ఉండదు. పేచీ అంతా వాల్వులతోనే. పైపు పొడవునా వేడిని ఆపే రాక్ ఊల్ (రాతి నార), దాని మీద అల్యూమినియం రేకు ఉంటాయి గానీ, వాల్వు దగ్గరికి వచ్చేసరికి రేకు ఆగిపోయి తుప్పు పట్టిన ఇనుము కనిపిస్తుంది. వాల్వు కాడ చుట్టూ ఆవిరిని ఆపే గ్లాండు కారితే, అందులోని ప్యాకింగ్ మార్చడానికి లాగింగ్ (ఆ వేడినాపే తొడుగు) విప్పుతారు. తిరిగి కట్టే పని వేరే కాంట్రాక్టరుది కనుక అది అలాగే ఉండిపోతుంది.

గుంటూరులో ఒక పొగాకు రీడ్రయింగ్ ఫ్యాక్టరీలో బాయిలర్ చూసే మా బావకు ఇలా ఉత్తగా వదిలిన వాల్వు వేడిని పోగొడుతుందని చెబితే ఒకటే వాదన: "మే నెలలో షెడ్డులోనే 45 డిగ్రీలుంటే ఆ వేడి ఇంకెక్కడికి పోతుందిరా? అదంతా చలిదేశాల వాళ్ల గొడవ." ఎడారిలో పనిచేసే మా వాళ్లలోనూ చాలామంది ఇలాగే అనుకుంటారు.

అందుకని బావ లైనునే లెక్కకు తీసుకున్నాను. 4 అంగుళాల పైపు, 10 కేజీల ప్రెజర్. అక్కడ సంతృప్త ఆవిరి 183 డిగ్రీల దగ్గర ఉంటుంది కనుక పైపు ఉపరితలం 180 అనుకోవచ్చు. గాలి కదలకుండా, చుట్టూ 30 డిగ్రీలు ఉన్నప్పుడు లాగింగ్ లేని మీటరు పైపు సుమారు 1,050 వాట్లు పోగొట్టుకుంటుంది. అందులో సగానికి పైగా వికిరణం, అంటే కిరణాలుగా వెలువడే వేడి. అది పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి నడుస్తుంది కనుక, 453 కెల్విన్ల ఇనుము ముందు పరిసరాలు 303 నుంచి 318కి పెరిగినా ఒరిగేది తక్కువ. 45 డిగ్రీల దగ్గర లెక్క వేసినా సుమారు 960 వాట్లు వస్తుంది. గుంటూరు వేసవి మిగిల్చేది పదో వంతు కూడా కాదన్నమాట. గాలి సంగతి వేరు: జుబైల్‌లో షమాల్ అనే వాయవ్య గాలి సెకనుకు 5 మీటర్ల వేగంతో వీచినా, గాలి మోసుకుపోయే వేడి నిశ్చల వాతావరణంలో కంటే దాదాపు మూడింతలవుతుంది.

ఇక వాల్వు. దాని ఆకారం వంకరటింకర. బానెట్ (పై మూత), చక్రం వాల్వు ఒంటి కంటే చల్లగా ఉంటాయి కనుక మొత్తం వైశాల్యాన్ని 180 డిగ్రీలతో హెచ్చవేస్తే నష్టం ఎక్కువగా తేలుతుంది. చేతిలెక్కకు ఆ వాల్వును అదే సైజు ఉత్త పైపు మీటరుతో సమానమనీ, దాన్ని పైపుకు బిగించే ఫ్లాంజిలకు మరో అర మీటరనీ అనుకుంటే చాలు. అంటే ఒకటిన్నర కిలోవాట్లు, గంటకు సుమారు 2.7 కిలోల ఆవిరి. ఏడాదంతా నడిచే మా ప్లాంటులో అది 23 టన్నులు దాటుతుంది. నాలుగు నెలల సీజను రాత్రింబవళ్లు నడిచినా బావకు ఎనిమిది టన్నుల లోపే. ఈ తేడాను దాచి తొడుగుల అమ్మకందారులు అందరికీ ఏడాది లెక్క చూపించడం నాకు నచ్చదు.

థర్మల్ కెమెరాతో కొలిచేవారికి ఒక జాగ్రత్త అవసరం. తుప్పు ఇనుము ఉన్న వేడిని ఉన్నట్టు చూపిస్తుంది; మెరిసే రేకు మాత్రం తన వేడిని దాచి, ఎదుటివాటి వేడిని ప్రతిఫలిస్తుంది. అందుకే సూర్యోదయానికి ముందే కొలతలు ముగిస్తాం. ఎలాగూ జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎండలో పని సౌదీలో నిషిద్ధం.

బావకు చెప్పింది ఇంతే: ముందు కారుతున్న గ్లాండ్లు బాగుచేయించు, తర్వాత సీజనంతా వేడిగా ఉండే హెడర్ (ఆవిరిని పంచే ప్రధాన పైపు) వాల్వులకు విప్పి కట్టుకునే తొడుగులు కుట్టించు, అప్పుడప్పుడు తెరిచే చిన్న డ్రెయిన్ వాల్వుల జోలికి ఇప్పుడే పోకు.