సెలూన్‌లో బీపీ మిషను

అమెరికాలోని మెంఫిస్‌లో ఒక మందుల షాపులో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. మా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది నల్లజాతీయులు. తల్లి షుగర్ మాత్రలకు తప్పకుండా వచ్చే మగవాళ్లు తమ రక్తపోటు మందు మాత్రం నెలల తరబడి తీసుకెళ్లరు. అడిగితే నవ్వి మాట మారుస్తారు.

మొండితనం ఒక్కటే కాదు ఇది. 1932 నుంచి 1972 దాకా అలబామాలోని టస్కిగీలో ప్రభుత్వ వైద్యులే దాదాపు 400 మంది నల్లజాతి మగవాళ్లకు సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉందని తెలిసీ వైద్యం చేయకుండా, రోగం ముదరడాన్ని గమనిస్తూ కూర్చున్నారు. ఇక మా ఊళ్లో 1968లో చెత్త లారీలో నలిగి ఇద్దరు కార్మికులు చనిపోతే, సుమారు 1,300 మంది సమ్మెకు దిగి "నేను మనిషిని" అన్న అట్టలతో వీధుల్లో నడిచారు. వాళ్లకు అండగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్‌ను ఏప్రిల్ 4న ఇక్కడే కాల్చి చంపారు. ఇలాంటిచోట నొప్పి లేనట్టు కనిపించడం ప్రాణరక్షణ విద్య. తండ్రులు కొడుకులకు అదే నేర్పారు. ఇంటికొచ్చాక కూడా దాన్ని విడిచిపెట్టలేకపోవడమే చిక్కు.

లాస్ ఏంజెలిస్‌లో నల్లజాతివారి 52 సెలూన్లతో రక్తపోటుపై చేసిన అధ్యయనం ఒకటి 2018లో వెలువడింది. కొన్నింటికి ఫార్మసిస్టులను పంపి అక్కడే మందులు మొదలుపెట్టించారు. మిగతావాటిలో జుట్టు కత్తిరించేవారే డాక్టరును కలవమని చెప్పారు. ఆరు నెలల్లో మొదటి జట్టుకు పై రక్తపోటు సగటున 27 పాయింట్లు తగ్గింది, రెండో జట్టుకు 9.

అది చదివాక యజమానిని అడిగి, కొన్ని శనివారాలు ఒక సెలూన్‌లో బీపీ మిషనుతో కూర్చుంటున్నాను. చేతికి పట్టీ బిగించగానే నోరు తెరుచుకుంటుంది: నిద్ర పట్టడం లేదని, విడాకుల తర్వాత ఇంటికి వెళ్లబుద్ధి కావడం లేదని. ఒక గిడ్డంగి కార్మికుడు రోజూ పొద్దున కూతురికి జడలు వేస్తానన్నాడు. ఎవరూ నవ్వలేదు, పక్క కుర్చీలోని పెద్దాయన ఏ నూనె వాడుతున్నావని అడిగాడు. నల్లజాతి తండ్రులకు బాధ్యత పట్టదని మన తెలుగువాళ్ల విందుల్లో తేలిగ్గా అనేస్తారు గాని, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2013 నివేదిక మరోలా ఉంది: అయిదేళ్లలోపు పిల్లలతో కలిసి ఉంటున్న నల్లజాతి తండ్రుల్లో 70 శాతం రోజూ వాళ్లకు స్నానమో, బట్టలు మార్చడమో చేస్తున్నారు. తెల్లవారిలో అది 60.

మా తెలుగువాళ్ల ఉగాది సభలోనూ ఇలాంటి బల్ల వేశాను. ఆడవాళ్లు వరుస కట్టారు. మగవాళ్లు ఇద్దరే వచ్చారు, ఆ ఇద్దరూ భార్యలు పంపితేనే.