సంక్రాంతి నుంచి పెత్రమాస దాకా: పిల్లి గిన్నె, కాకులు, నా అనుభవం

మాది నల్లగొండ. రామగిరి దిక్కు ఒక సందుల పాత ఇల్లు. ముందల వాకిలి, వాకిట్ల యాపచెట్టు, చెట్టుకు ఎదురుంగ వరండా. వరండాలనే నా కుట్టుమిషన్. పొద్దంతా జాకెట్లు కుట్టుకుంట ఆడనే కూసుంట కాబట్టి వాకిట్ల ఆకు రాలినా నాకు తెలుస్తది.

2025 సంక్రాంతి పోయిన నాలుగు రోజులకు ఒక బూడిద రంగు పిల్లి మా కట్టెల కుప్ప ఎనుక పిల్లలు పెట్టింది. మూడు పిల్లలు. తల్లి డొక్కలు లోపలికి పోయినయి, ఎముకలు లెక్కపెట్టొచ్చు. పాలన్నం కలిపి చెట్టు కింద పెట్టిన. తర్వాత షాపుల దొరికే పిల్లి గింజలు కిలో ప్యాకెట్టు తెచ్చిన. కథ అప్పుడు మొదలైంది.

మొదటి దినమే రెండు కాకులు దిగినయి. ఒకటి పిల్లి ముందల, అందీ అందనంత దూరంల నిలబడ్డది. రెండోది ఎనుక నుంచి మెల్లగ నడిచొచ్చి తోక పట్టి గుంజింది. పిల్లి గిర్రున ఎనుకకు తిరిగింది. ఆ రెప్పపాటుల ముందలి కాకి నోటినిండ గింజలు ఎత్తుకొని గోడెక్కింది. నేను సూదిల దారం ఎక్కిస్తున్నదాన్ని అట్లనే ఆగిపోయిన. ఇంకో పది నిమిషాలకు అదే కాకి గట్టి గింజను పిల్లి నీళ్ల గిన్నెల వేసి, నానినంక తీసుకొని మింగింది. గిన్నె నీళ్లు మట్టి రంగుకు తిరిగినయి. ఆ నీళ్లే మళ్ల పిల్లి తాగాలె.

నష్టం గింజలదే అయితే ఊకునేదాన్ని. ఫిబ్రవరి ఆఖర్ల పిల్లలు తల్లి ఎంబడి గిన్నె దగ్గరికి రావడం మొదలుపెట్టినయి. ఒకరోజు మధ్యాహ్నం కాకి ఒక పిల్ల నెత్తి మీద పొడిచింది. కంటికి బెత్తెడు దూరం కూడ లేదు, కనుబొమ్మ మీదనే. రక్తం చూసి నా చేతులు వణికినయి. పిల్లను తువాల్ల చుట్టుకొని పశువుల దవాఖానకు పోయిన. డాక్టరు కడిగి, మందు రాసి, కన్ను బాగనే ఉన్నది అన్నడు. పనిల పనిగ మూడు మాటలు చెప్పిండు. పెద్ద పిల్లులకు పాలు పడవు, మానెయ్యి. పాలిచ్చే తల్లికి మామూలు పిల్లి కంటె చాన ఎక్కువ తిండి కావాలె, రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టు. చికెన్ షాపుల తుక్కు పచ్చిగ అసలే పెట్టకు. ఆ నెలలనే రెండు తెలుగు రాష్ట్రాలల్ల బర్డ్ ఫ్లూ కోళ్లకు సోకి ఆగమాగం ఉండె. పచ్చి కోడిమాంసంతోని ఆ జబ్బు పిల్లులకు కూడ అంటుకుంటదట. ఆ దినం నుంచి కోడి కాళ్లు, తలకాయలు ఏవి తెచ్చినా మెత్తగ ఉడికినంకనే పెడుతున్న.

ఇంక కాకుల పని. మొదట పాత సీడీలు దారంతోని యాపకొమ్మకు కట్టిన. తళతళ మెరిసినయి. రెండు రోజులు కాకి రాలేదు, నా ప్రాణం హాయిగున్నది. మూడోనాడు సీడీ కట్టిన కొమ్మ మీదనే కూసొని కిందికి చూసింది. దేవరకొండ దిక్కు మా పుట్టింట్ల అన్న ఇంకా జొన్న వేస్తడు. ఫోన్ చేసి అడిగిన. చిన్నప్పుడు మేమిద్దరం మంచె మీద నిలబడి వడిసెలతోని పిట్టలను కొట్టేది. అన్న అన్నడు, "మెరిసే రీలు కట్టినా, డబ్బాలు కొట్టినా నాలుగు దినాలే చెల్లె. గింజ పాలు పోసుకునే టైముల కట్టి, కోతలు కాంగనే తీసేస్తం. ఏడాదంత కడితే పిట్టకు అది చెట్టే, కొమ్మే. నీకు రోజూ కావాలె గద, నీకది పనిచెయ్యది." 

నిజంగ ఆ మాట అప్పుడే పట్టించుకోవాల్సింది. పట్టించుకోక, పక్కింటి అక్క చెప్పిందని నల్ల లైనింగు గుడ్డను చచ్చిన కాకి లెక్క కుట్టి వేలాడగట్టిన. గంటల ముప్పై నలభై కాకులు జమైనయి. యాపచెట్టు మీద, కరెంటు తీగల మీద, పిట్టగోడల మీద ఎక్కడ చూసినా అవే. సందు సందంత ఒకటే అరుపు. తమ జాతి పిట్ట చచ్చి కనబడితే కాకులు అట్ల గుంపు కడతయి. అది నాకు అంతకుముందు తెలుసు, కని అంతమంది వస్తరనుకోలె. పిల్లి పిల్లలను నోట కరుచుకొని ఒక్కొక్కదాన్నే స్టోరు రూములకు మార్చుకున్నది. నేను నిచ్చెన వేసి ఆ గుడ్డ తెంపి పారేసిన.

ఒకాయన పురుగుల మందు కలిపిన అన్నం పెట్టమన్నడు. ఆ మాట ఇంకెవ్వరు నాకు చెప్పొద్దు. ఆ ముద్ద కాకి తిన్నా, కుక్క తిన్నా, పిల్లి తిన్నా చచ్చుడే. 1972 వన్యప్రాణి చట్టంల కాకి ఒకప్పుడు ఎలుకలతోపాటు హానిచేసేటి జంతువుల పట్టీల ఉండేది. 2022 సవరణల ఆ పట్టీనే ఎత్తేసిన్రు. చట్టం సంగతి పక్కకు పెట్టినా, ఆకలైన ప్రాణికి విషం కలిపి పెట్టుడు మా ఇంట్ల జరగది.

మార్చిల ఒక పొద్దుగాల కాకి గిన్నె మీదికి దిగంగనే చేతికి దొరికిన కంకరరాయి ఎత్తిన. అత్తమ్మ గడపల నిలబడి చూస్తున్నది. "పోయినేడు మీ మామకు పిట్టకు పెట్టినప్పుడు యాదికున్నదా బిడ్డా? పిట్ట ముట్టేదాంక ఎండల నిలబడి దండం పెట్టినం. నువ్వు గూడ పెట్టినవ్. ఇయ్యాల దాని మీదికే రాయి పడ్తవా?"

రాయి కింద పడేసిన. ఆ దినం నాకు యాదికున్నది. మామ పోయిన మూడోనాడు విస్తరిల అన్నం, కూర, ఆయనకు ఇష్టమైన కల్లు పెట్టి దూరం జరిగినం. ముప్పావు గంట ఒక్క పిట్ట రాలేదు. మా ఆయన కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఆఖరికి ఒక కాకి దిగి ముద్ద ముట్టింది. అందరం ఒక్కసారే ఊపిరి పీల్చుకున్నం. ఆ కాకి, ఈ కాకి ఒక్కటే కావొచ్చు, కాకపోవొచ్చు. కని రాయి మాత్రం మళ్ల పట్టలేదు.

అయితే అప్పటికే జరగాల్సింది జరిగింది. అంతకుముందు రెండు మూడుసార్లు చీపురు ఎత్తి తరిమిన గద. నేను వాకిట్లకు వస్తె చాలు, గోడ మీద కాకి గొంతు మార్చి అరిసేది. మా ఆయన వస్తె అరవది, అత్తమ్మ వస్తె అరవది. అమెరికాల సియాటిల్ పట్నంల ఉన్న వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు 2006ల మొఖానికి మాస్కు పెట్టుకొని కొన్ని కాకులను పట్టి, కాళ్లకు రింగులు తొడిగి వదిలిన్రట. ఆ తర్వాత ఆ మాస్కు ఎవరు పెట్టుకొని నడిచినా కాకులు మీదికి లేచి అరిసేవట, ఏండ్ల తరబడి. అసలు పట్టుబడని కాకులు గూడ. అక్కడి కాకి మన ఊరకాకి కాదు, వేరే జాతి. కని మా గోడ మీది కాకిని చూసినంక నాకు ఇంకో రుజువు అక్కర్లేదు. చీపురు మూలకు పెట్టిన. నెల దాటినంక గని దాని గొంతు మామూలు కాలేదు.

బెదిరించుడు బంద్ చేసినంక బుద్ధి వేరే దారిల నడిచింది. కాకి ఎప్పుడు ఉండది? పొద్దుగూకితే కాకులన్ని పానగల్లు చెరువు దిక్కు ఎగిరిపోతయి. పొద్దు పొడవక కొంచెం ముందల తిరిగొస్తయి. పిల్లికి చీకటి అడ్డం కాదు. అందుకని పెద్ద తిండి పొద్దూకినంక, ఆఖరి కాకి పోయినంక పెట్టుడు మొదలుపెట్టిన. పొద్దుగాల తిండి చీకటుండంగనే. చలికాలంల అయితే అయిదున్నర, ఎండాకాలంల అయిదు లోపల. సూర్యుడు వచ్చే అర్ధగంట ముందునుంచే కాకి లేస్తది, అది మరిచిపోవద్దు. గిన్నె ఇరవై నిమిషాలు మాత్రమే ఉంచుత. మిగిలింది తీసేస్త. ఒక్క గింజ కింద ఉండనియ్య. సగం గొడవ దీనితోనే తీరింది. ఇంతకంటె అల్కటి పని ఇంకోటి లేదు, పైసా ఖర్చు గూడ లేదు.

కని పాలిచ్చే తల్లికి పగలు గూడ పెట్టాలె గద. దానికి గూడు కట్టిన.

వరండా చివరికి గోడకు ఆనిచ్చి రెండు వరుసల ఇటుకలు పేర్చి, మీద పాత నాపరాతి బండ వేసిన. లోపల ఎత్తు జానెడు దాటి రెండు వేళ్లు. కాకికి కూడ ఆ సందుల పట్టేంత జాగనే. అసలు కథ కొలతల లేదని నాకు తర్వాత అర్థమైంది. కాకి తల దూర్చే ముందు రెండు చూసుకుంటది: తిండి కనబడుతున్నదా, రెక్క విప్పి ఒక్క ఎగురున బయటపడొచ్చా. అందుకని ఇటుకలతోని లోపల ఒక మలుపు పెట్టిన. గిన్నె మలుపు అవతల ఉంటది, బయటికి కనబడది. వచ్చే దారికి అస్తరు గుడ్డ పట్టీలు, రెండు వేళ్ల వెడల్పు, నేల అంటేటట్టు వేలాడగట్టిన. నా దగ్గర కట్‌పీసులకు కరువా?

మొదటి వారం పిల్లే లోపలికి పోలేదు. గూడు ముందల కూసొని నా దిక్కు చూసేది. రెండు తప్పులు చేసిన. ఒకటి, పట్టీలన్ని ఒక్కనాడే కట్టిన. రెండోది, దారి ఒక్కటే పెట్టిన. కుక్క అడ్డం వస్తె బయటికి పోయే తొవ్వ లేని జాగలకు పిల్లి ఎందుకు పోతది? అటు దిక్కు రెండు ఇటుకలు తీసి ఇంకో దారి పెట్టిన. పట్టీలన్ని తీసేసి, రోజుకొకటి కట్టుకుంట వచ్చిన. ఉడికిన చేప తలకాయ వాసన గుంజింది. తొమ్మిదో నాడు తల్లి నెత్తితోని పట్టీలను పక్కకు జరుపుకుంట లోపలికి పోయింది. ఎనుక మూడు తోకలు నిటారుగ పెట్టుకొని పిల్లలు. నేను మిషన్ ఆపి చూసిన. కాకి గోడ మీద నుంచి దిగింది, గూడు చుట్టు రెండుసార్లు తిరిగింది, ఒక పట్టీని ముక్కుతోని గుంజి చూసింది. గాలికి పట్టీలు కదలంగనే ఎగిరిపోయింది.

గోరింకలు అట్ల కాదు. అవి గోడ రంధ్రాలల్ల, తొర్రలల్ల గూడు పెట్టుకునే పిట్టలు. చీకటి సందు వాటికి పుట్టిల్లు. జంటగ నడుచుకుంట పట్టీల కింది నుంచి లోపలికి పోయినయి. వాటి మీద నేను పెద్దగ యుద్ధం చెయ్యలేదు. అవి గింజల కంటె అన్నానికే వస్తున్నయని చూసి గూట్ల అన్నం పెట్టుడు మానేసిన. గింజలు, ఉడికిన చేప, కోడి అంతే. గోరింకలు నాలుగైదు రోజులకు ఆశ వదులుకున్నయి. ఎప్పుడన్న ఒకటి వస్తది, రానీ.

ఏప్రిల్, మే నెలలల్ల కాకి మళ్ల నెత్తి మీదికి దూకింది. యాపచెట్టు మీద గూడు పెట్టింది. మేల ఒక పిల్ల ఎగరరాక కింద పడ్డది, దాని అమ్మ నాయిన ఎవ్వరిని వాకిట్లకు రానియ్యలేదు. అది పగ కాదు, బిడ్డ మీది భయం. నా పిల్లి తన పిల్లలను నోట కరుచుకొని పోయిన భయం అదే. ఆ పది పన్నెండు రోజులు గొడుగు పట్టుకొని నడిచినం, పిల్లులకు ఇంటెనుక పెట్టిన. పిల్ల ఎగిరినంక అంత సద్దుమణిగింది.

వానకాలంల గుడ్డ పట్టీలు తడిసి ముక్కవాసన వచ్చినయి. పాత రెయిన్‌కోటు కత్తిరించి కట్టిన, అదే బాగుంది, కడిగితే పోతది. చీమలు పట్టకుండ ఎడల్పు తాంబాలంల నీళ్లు పోసి నడుమ గిన్నె పెడుతున్న. నీళ్ల గిన్నె పొద్దుగాల, పొద్దుమీకి తోమి మార్చుత. జూలైల తల్లికి పిల్లలు కాకుండ ఆపరేషన్ చేపిచ్చిన. రెండు పిల్లలను తెలిసినోళ్లు పెంచుకుంటున్రు. కనుబొమ్మ మీద మచ్చ ఉన్నది మాత్రం మా దగ్గర్నే ఉన్నది.

ఇంకో ఒప్పందం గూడ చేసుకున్నం, అత్తమ్మ నేను. కాకి ముద్ద స్లాబు మీద, మధ్యాహ్నం పన్నెండుకు, అత్తమ్మ చేతితోని. పిల్లి గిన్నె కింద, గూట్ల, నా చేతితోని. మొదట కాకులు ఎక్కువైతయని భయపడ్డ. వారం పది రోజులు అట్లనే అయింది. తర్వాత పన్నెండు కొట్టంగనే పిట్టగోడ మీద వరుసగ కూసునుడు, ముద్ద తిని పోవుడు. కింది వాకిలి వాటికి పని లేని జాగ అయింది.

సెప్టెంబరు 21న పెత్రమాస, పోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చే అమాస. ఆ పొద్దుమీకి ఎంగిలిపూల బతుకమ్మ గూడ. పొద్దుగాలనే మామ పేరు మీద బియ్యం ఇచ్చి, స్లాబు మీద విస్తరి పెట్టినం. ఈసారి ముప్పావు గంట నిలబడే పని పడలేదు. మేము మెట్లు దిగక ముందే మా గోడ మీది కాకి ముద్ద ముట్టింది. అత్తమ్మ కొంగుతోని కండ్లు తుడుసుకున్నది. నేను కిందికి దిగి, తంగేడు పూలు బుట్టల పోసి, మచ్చ పిల్లి గిన్నెల గుప్పెడు గింజలు వేసి బండ కిందికి జరిపిన.