ఉండాలనుకుని ఉండటం, వెళ్లలేక ఉండటం

"నాన్నతో ఉండాలనుకుని ఉన్నావా అమ్మా, వెళ్లే దారి లేక ఉన్నావా?" అని మా అమ్మాయి అడిగి మూడు వారాలైంది. ఇరవై మూడేళ్ల ఆ పిల్ల రెండేళ్లుగా ఒక అబ్బాయితో కలిసి ఉంటోంది. పెళ్లి తేదీ చెప్పమని నేను పట్టుబట్టినప్పుడు, చెప్పనని, తేదీని బట్టి తమ బంధాన్ని కొలవవద్దని అన్న తర్వాత, కోపమేమీ లేకుండానే ఈ మాట అడిగింది.

అది తన చదువులోంచి వచ్చిన ప్రశ్న. నిబద్ధతలో రెండు పాయలున్నాయని స్కాట్ స్టాన్లీ, హోవర్డ్ మార్క్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1992లో వివరించారు: మనసారా కొనసాగాలనుకునే అంకితభావం ఒకటి, విడిపోవడాన్ని కష్టతరం చేసే నిర్బంధాలు రెండవది. కట్టుబడి ఉండటం, కట్టివేయబడి ఉండటం అని నేను అర్థం చేసుకున్నాను. కరిల్ రస్బల్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు 1998లో ప్రచురించిన కొలమానాన్ని కూడా అమ్మాయి నాకు పంపింది. బంధంలో దొరికే సంతృప్తి, బయట కనిపించే ప్రత్యామ్నాయాలు, అప్పటికే పెట్టిన కాలమూ శ్రమా కలిసి నిబద్ధతను నిర్ణయిస్తాయన్నది అందులోని ఆలోచన. నిబద్ధతకు ఏడు వాక్యాలు, ఒక్కొక్కదానికి 0 (అస్సలు ఒప్పుకోను) నుంచి 8 (పూర్తిగా ఒప్పుకుంటాను) వరకు అంకెలు.

రాత్రి అందరూ పడుకున్నాక ఆ ఏడింటికీ జవాబులు రాశాను. ఈ బంధం త్వరలో ముగిసిపోయినా పెద్దగా బాధపడను అనే అర్థమిచ్చే వాక్యం ఒకటుంది. దానికి వేసిన అంకెను తిరగేసి లెక్కించాలి. సున్నా వేయడానికి నాకు క్షణం పట్టలేదు. కానీ ఆయన వెంట ఈ దేశానికి వచ్చిన కొత్తలో అయితే ఏం వేసి ఉండేదాన్ని? అప్పుడు నా వీసా ఆయన వీసాను ఆనుకుని ఉండేది, నాకు ఉద్యోగం చేసే అనుమతి లేదు, బ్యాంకు ఖాతా ఆయన పేరునే ఉండేది. గొడవపడిన రాత్రి వెళ్లడానికి ఒక్క గడప కూడా లేని రోజులవి. ఆ నిలకడనే నా గొప్పతనంగా ఇన్నేళ్లూ పిల్లకు చెప్పుకొచ్చాను. మరోవైపు, ఎవరి మీదా ఆధారపడకు, తొందరపడి నిర్ణయం తీసుకోకు అని నేర్పిందీ నేనే. ఇప్పుడది నిదానంగా ఉంటే తప్పుపడుతున్నానన్న సంగతి మనసును కలచివేస్తోంది.

అయినా నా భయం పూర్తిగా నిరాధారం కాదు. గాలెనా రోడ్స్‌ను కలుపుకుని స్టాన్లీ, మార్క్‌మన్ 2006లో రాసినదాని ప్రకారం, చాలామంది నిర్ణయించుకోకుండానే సహజీవనంలోకి జారిపోతారు. ఉమ్మడి అద్దె, ఉమ్మడి సామాను వంటి నిర్బంధాలు అంకితభావం స్థిరపడకముందే పేరుకుపోతాయి. నా మాటకు బలం దొరికిందనుకుని దీన్ని అమ్మాయికి చూపించాను. "మేమిద్దరం నాలుగు నెలలు మాట్లాడుకున్నాకే ఇల్లు తీసుకున్నాం. నువ్వెప్పుడూ తేదీ తప్ప ఇంకేమీ అడగలేదు" అంది. నిజమే, అడగలేదు. ఆ అబ్బాయి గురించి నాకు తెలిసింది అతని ఉద్యోగం, అతని తల్లిదండ్రుల ఉద్యోగాలు, అంతే.

నిన్న ఫోన్ చేసి, ఇప్పుడు మాత్రం ఉండాలనుకునే ఉన్నానని చెప్పాను. "ఎప్పటి నుంచి?" అని అడిగింది. ఆలోచించి చెబుతానన్నాను.