గొంతు కాయలు కాచింది

టీచరుకి గొంతు బొంగురుపోవడం జబ్బు కిందకి రాదని మా స్టాఫ్‌రూములో అందరి నమ్మకం. జూన్‌లో బడి తెరవగానే సగం మందికి గొంతులు పోతాయి. మిరియాల పాలు తాగుతాం, మళ్లీ వస్తాయి. నాకు మాత్రం ఆ ఏడు జులై దాటుతున్నా రాలేదు. పొద్దున లేవగానే మాట బాగానే ఉండేది. రెండో పీరియడ్‌కి గరగర మొదలయ్యేది, మధ్యాహ్నానికి గాలి తప్ప ఏమీ మిగిలేది కాదు.

టంగుటూరు దగ్గర ఓ ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. పక్క గదిలో లెక్కలు, అటు పక్క హిందీ. మధ్యలో నా గొంతే పైన ఉండాలి. "మేడమ్ పాఠం చెప్తుంటే మా పొగాకు బ్యారన్ (ఆకుని మంట వేడికి ఆరబెట్టే కొట్టం) దాకా వినబడుద్ది" అని ఓ పిల్లాడి నాన్న అంటే చాలాకాలం మురిసిపోయాను. ఆ గొంతు లేకుండా క్లాసులో నేనేంటో నాకే తెలియదు.

కరక్కాయ బుగ్గన పెట్టుకోమన్నారు. తేనె, అల్లం, ఉప్పునీళ్లు పుక్కిలించడం, అన్నీ అయ్యాయి. చివరికి ఒంగోలులో ఈఎన్‌టీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే ఈ జాబితా అంతా ఓపిగ్గా విని, "మింగినవేవీ స్వరపేటిక మీద పడవమ్మా, పడితే పొలమారుతుంది" అంది. మూడు వారాలు దాటి గొంతు బొంగురుగా ఉంటే చిట్కాలు ఆపి లోపల చూపించుకోవాలట.

ఆ చూడటం ఎట్లాగంటే, గాజుగుడ్డతో నాలుక పట్టుకుని బయటికి లాగి, సన్నటి గొట్టం నోట్లోకి పెట్టి "ఈ... అనండి" అంటారు. నాలుక ఒకరి చేతిలో ఉంటే 'ఈ' ఎట్లా అంటాం? డోకు ఆపుకుంటూ ఏదో అన్నాను. స్క్రీన్ మీద తెల్లగా రెండు పట్టీలు తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపించాయి. వాటి అంచుల మీద, సరిగ్గా ఎదురెదురుగా, చిన్న బొడిపెలు. నాకు చేతులు చల్లబడ్డాయి. అడగాలనుకున్న మాట అడగకముందే ఆమే చెప్పింది. "క్యాన్సర్ కాదు. నాడ్యూల్స్. గడ్డపార పట్టినవాళ్ల చేతుల్లాగా మీ గొంతు కాయలు కాచింది." ఆడవాళ్లు మామూలుగా మాట్లాడేటప్పుడే ఆ పట్టీలు సెకనుకి దాదాపు 200 సార్లు ఒకదానికొకటి తగులుతాయట. అరిస్తే ఆ దెబ్బ ఇంకా గట్టిగా ఉంటుంది.

ఆపరేషన్ మాట ఇప్పుడే వద్దంది. కొన్నాళ్లు పూర్తిగా మౌనం, తర్వాత కొలిచి మాట్లాడటం, స్పీచ్ థెరపీ. "గుసగుసగా మాట్లాడొచ్చా?" అన్నాను గుసగుసగానే. అదీ వద్దట, దానివల్ల కూడా గొంతు బిగుసుకుంటుందట. ఊరికే సకిలించి గొంతు సవరించుకోవడం అసలే వద్దు. అలా అనిపించినప్పుడల్లా ఓ గుక్క నీళ్లు తాగాలి.

మా అబ్బాయి చిన్నప్పటి మార్కాపురం పలక అటక మీద నుంచి దిగింది. అందులో రాసి మా ఆయనకి చూపిస్తే సరిపోయేది. మనిషి మొహమాటస్తుడు, కూరగాయలవాడితో బేరమాడమంటే చెమటలు పట్టేవి. వాడు చెప్పిన ధరకే తెచ్చేవాడు. వంకాయలు మాత్రం లేతవే తెచ్చాడని చెప్పాలి. అసలు కష్టం మా అత్తతో. ఆమెకి చెవుడు, చదువు రాదు. నాకు మాట లేదు, ఆమెకి వినబడదు, పలకేమో ఇద్దరి మధ్యా దండగ. మొదటిరోజు నేను పొయ్యి వైపు చూపిస్తే ఆమె కాఫీ వద్దంది. నేను అడిగింది గ్యాస్ కట్టేశారా అని.

స్పీచ్ థెరపిస్టంటే మాటలు రాని పిల్లల కోసమనుకునేదాన్ని. ఆ అమ్మాయి నాకంటే బాగా చిన్నది. నోరు తెరవగానే, "ఇంట్లో ఎవరితోనైనా గట్టిగా మాట్లాడతారా మేడమ్?" అనడిగింది. బడిలో అరిచే అరుపు సాయంత్రం అత్త దగ్గర కూడా కొనసాగుతోందని నాకెప్పుడూ తట్టలేదు. మా ఆడపడుచు కొనిచ్చిన చెవి మిషన్ బీరువాలో చీరల కింద పడి ఉంది. "గుయ్యిమంటుంది, నాకొద్దు" అని అత్త పక్కన పడేసింది.

ఆ అమ్మాయి నేర్పిన ఎక్సర్‌సైజ్ చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. గ్లాసులో సగం నీళ్లు, అందులో స్ట్రా కొద్దిగా ముంచి 'ఊ' అంటూ ఊదాలి. బుడగలు ఒకే తీరుగా రావాలి. ఎగిరి బయట పడ్డాయంటే బలం ఎక్కువ పెడుతున్నట్టు లెక్క. నావి వాకిలిదాకా ఎగిరేవి.

మాట్లాడొచ్చన్నాక బడికి వెళ్లాను, అదీ రోజుకి కొంచెమే. బోర్డు మీద ప్రశ్న రాసి కూర్చునేదాన్ని. మొదట్లో క్లాసు సంత. నాకు ఒకటే టెన్షన్, సిలబస్ అవ్వదని. (నిజంగానే అవ్వలేదు, హెడ్మాస్టరు మొహం మాడ్చుకున్నారు.) ప్రశ్న అడిగి ఊరుకోవడం మహా కష్టం. జవాబు నా నాలుక చివరే ఉంటుంది, పిల్లలు నేల చూపులు చూస్తుంటారు. అలా ఓరోజు పంటల పాఠంలో పొగాకు దగ్గర ఆగితే, వెనక బెంచీ పిల్లాడు లేచాడు. మామూలుగా పేరు పిలిస్తే తప్ప నోరు విప్పడు. "ఆకు పసుపు తిరిగేదాకా మంట పెంచకూడదు మేడమ్. ముందే పెంచితే పచ్చగానే ఎండిపోద్ది, రేటు రాదు" అని మొదలుపెట్టి, ఆకుని కర్రలకి ఎట్లా కడతారో చేతులతో చూపించాడు. ఇన్నేళ్లూ ఆ పాఠం పుస్తకంలో ఉన్నంతవరకే చెప్పాను.

ఆగస్టు 23 ప్రకాశం పంతులుగారి జయంతి. ఏటా 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు ఆయన పోలీసుల తుపాకులకి ఛాతీ చూపిన ఘట్టం మైకు లేకుండా నేనే చెప్పేదాన్ని. ఈసారి తొమ్మిదో తరగతి వాళ్లు నాటకం వేశారు. ప్రకాశం వేషగాడు చొక్కా గుండీలు విప్పాడు, డైలాగు మరిచిపోయాడు. కర్ర తుపాకీ పట్టుకున్నవాడు ఎదురుచూస్తున్నాడు. నేను అందివ్వబోయి నీళ్ల సీసా నోటికి పెట్టుకున్నాను. వాడు కాసేపటికి, "కాల్చు, ఏం జరుగుద్దో చూద్దాం" అన్నాడు. చప్పట్లే చప్పట్లు.

తర్వాతి పరీక్షకి బొడిపెలు తగ్గాయి, సంక్రాంతి వెళ్లాక చూస్తే దాదాపు లేవు. ఇప్పుడు నడుముకి చిన్న స్పీకర్, చెంప దగ్గర మైకు. బస్సులో టికెట్లు కొట్టేవాళ్లలా ఉన్నానని మొదట్లో సిగ్గుపడ్డాను, ఇప్పుడు లెక్కల మాస్టారు కూడా కొన్నారు. పాట మాత్రం పై స్థాయికి పోదు, అక్కడ జీరపోతుంది.

చెవి మిషన్ సంగతి. నేను అరవడం మానేశాక గత్యంతరం లేక అత్త పెట్టుకుంది. వారం తిట్టింది, తర్వాత సీరియల్ మాటలు వినబడేసరికి తీయడం మానేసింది. మొన్న వంటింట్లో మా అక్కతో ఫోన్‌లో మెల్లగా ఏదో చెప్పుకుంటుంటే హాల్లోంచి గొంతు వచ్చింది. "అమ్మాయ్, నేనేం అట్టా అనలేదు."