బీఎస్సీ ఫిజిక్సు నుంచి డ్రిప్పు పైపుల దాకా

ఈమధ్య సాయంత్రం పూట ఫ్లూయిడ్ మెకానిక్స్ (నీళ్లు, గాలి లాంటివి ఎలా పారతాయో చెప్పే శాస్త్రం) చదువుతున్నా. అనంతపురంలో బీఎస్సీ ఫిజిక్సు చేశాను, ఇంజనీరింగ్ కాలేజీ గడప తొక్కలేదు. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్‌లో పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. అదే నా క్లాసు.

లెక్కలు డిగ్రీలో చేసినవే కాబట్టి తొందరగానే ఎక్కాయి. కానీ పారే ద్రవం వేగానికీ పీడనానికీ ఉన్న సంబంధమైన బెర్నూలీ సూత్రం చెప్పేటప్పుడు మాకు ఘర్షణ లేని ద్రవం అనుకోమన్నారు. ఇంజనీరుకు అసలు పని ఆ ఘర్షణతోనే. పైపులో ఘర్షణ వల్ల పోయే పీడనాన్ని లెక్కగట్టే డార్సీ-వైస్‌బాక్ సమీకరణం చూడండి: అంతే సమయంలో అంతే నీరు సగం వ్యాసమున్న పైపులో పోవాలంటే ఘర్షణ నష్టం సుమారు 32 రెట్లవుతుంది. రెండుకు ఐదో ఘాతం! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి.

మా మామ చీనీ తోటలో చివరి చెట్లకు డ్రిప్పు నీళ్లు సరిగా అందడం లేదు. పెద్ద మోటారు వేద్దామంటున్నాడు. గట్టు మీద కూర్చుని లెక్క వేసి చూపించా. మెయిన్ లైను 63 ఎంఎం బదులు 75 ఎంఎం వేస్తే ఆ పైపులో నష్టం సగానికన్నా తక్కువకు పడిపోతుంది.

"అట్లయితే మోటారు జోలికి పోవద్దంటావా?"

"ముందు ఫిల్టరు కడిగి చూద్దాం మామా, తర్వాత పైపు."

బోరు నీటి ఉప్పుకు డ్రిప్పర్లు మూసుకుపోవడం మా వైపు మామూలే. అదీ చూడాలి.

ఇప్పుడు పంపు కర్వుల (పంపు ఎంత ఎత్తుకు ఎంత నీరు తోడుతుందో చూపే గీతలు) దగ్గరున్నా. పాలిటెక్నిక్ చేసినవాళ్ల దగ్గర హైడ్రాలిక్స్ పాత పుస్తకాలుంటే చెప్పండి, నేనే వచ్చి తీసుకుంటా.