లంచం అడిగిన అధికారిపై సీబీఐకి ఫిర్యాదు చేశాను: నా అనుభవం

2019లో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో మరమ్మతు పనులు చేశాను. పని అయిపోయి ఐదు నెలలైనా 11 లక్షల బిల్లు కదల్లేదు. సంతకం పెట్టాల్సిన పెద్ద అధికారి 40,000 అడిగాడు. ఆయన పేరు చెబితేనే ఆ ఆఫీసులో అందరికీ హడల్. "ఆయనతో పెట్టుకుంటే నోటికాడ కూడు పోతుందండీ" అని మా ఆవిడ ఏడ్చింది. నేనూ ఇచ్చేద్దామనే అనుకున్నాను. కానీ కూలీల బాకీ తీర్చకుండా అంత డబ్బు తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టడానికి మనసొప్పలేదు.

హైదరాబాద్ కోఠిలోని సీబీఐ ఆఫీసుకు వెళ్లాను. లంచం ఇవ్వడమూ నేరమే కదా, నన్నూ లోపలేస్తారేమోనని ఒకటే టెన్షన్. 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించారని, సీబీఐకి ముందే చెప్పి, లంచగొండిని పట్టుకోవడంలో వాళ్లకు సాయపడేందుకు ఇస్తే నేరం కాదని ఇన్‌స్పెక్టర్ గారు విడమర్చి చెప్పారు. అలాగని నా మాట మీదే కేసు కట్టలేదు. వాయిస్ రికార్డర్ ఇచ్చి, ఒక సాక్షిని తోడు పంపారు. ఆ అధికారి లంచం అడగడం రికార్డయ్యాకే ఎఫ్ఐఆర్.

మర్నాడు వేరే శాఖల ఉద్యోగులు ఇద్దరు సాక్షులుగా వచ్చారు. నేను తెచ్చిన 80 అయిదొందల నోట్ల నంబర్లన్నీ రాసుకుని, వాటికి ఫినాఫ్తలీన్ పొడి పూశారు. ఒక సాక్షి ఆ నోట్లు ముట్టుకుని సోడియం కార్బొనేట్ నీళ్లలో వేళ్లు ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి. "ఆయన అడిగితేనే ఇవ్వండి. చేయి మాత్రం కలపొద్దు" అని పదే పదే చెప్పారు. నోట్లు దొరికితే చాలదట, అడిగినట్టు రుజువు కావాలి.

ఆ అధికారి గదిలోకి వెళ్లేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది. "తెచ్చావా?" అన్నాడు. ఇచ్చాను. రెండు చేతులతో లెక్కపెట్టుకుని సొరుగులో వేశాడు. బయటికొచ్చి కర్చీఫ్‌తో ముఖం తుడుచుకున్నాను, అదే గుర్తు. క్షణాల్లో గది సీబీఐ వాళ్లతో నిండిపోయింది. ఆయన్ని కుడి చేయి ఒక గ్లాసులో, ఎడమ చేయి ఇంకో గ్లాసులో ముంచమన్నారు. రెండూ గులాబీ రంగే. అంత పెద్దాయన వేళ్లు గజగజ వణకడం చూశాను.

ప్రాసిక్యూషన్‌కు ప్రభుత్వ అనుమతి, ఛార్జిషీటు, వాయిదాలు... నాంపల్లి కోర్టులో నా సాక్ష్యం వచ్చేసరికి 2023. ఈలోగా తెలిసినవాళ్లే రాయబారానికి వచ్చారు. "గుర్తులేదను, చాలు" అన్నారు. ఒక్కోసారి మనసు ఊగిసలాడింది. ఫిర్యాది చనిపోయినా, కోర్టులో మాట మార్చినా మిగతా ఆధారాలతో నేరం రుజువు చేయవచ్చని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ప్రాసిక్యూటర్ గారు ఆ తీర్పు సంగతి చెప్పాక, కేసు బరువంతా నా ఒక్కడి మీదే లేదని ధైర్యం వచ్చింది.

"అది మీరు తీర్చిన చేబదులే కదా?" అని ఎదుటి లాయరు తిప్పి తిప్పి అడిగాడు. "కాదండీ, లంచం" అన్నాను ప్రతిసారీ. ఆ రోజు ఆయన చేతులు ముంచిన నీళ్లు పోసి సీలు వేసిన సీసాలు బల్ల మీద ఉన్నాయి. లోపలి రంగు కాస్త వెలిసింది.

తీర్పు ఇంకా రావాలి. నా బిల్లు మాత్రం ఆయన్ని పట్టుకున్న మూడు నెలలకే వచ్చింది. ఆ సాయంత్రమే కూలీల బాకీ తీర్చేశాను.